రోగిశయ్య చెంత వివేచన

నర్సు అనగానే మన మనస్సునకు తోచు గుణములు రెండు: ఒకటి దయ, రెండవది విధేయత. చల్లని చేయి, మెత్తని మాట, వైద్యుడు చెప్పినది చెప్పినట్లు చేయుట, ఇవి యున్న చాలునని లోకము తలచును. శిక్షణాలయములలో చేరవచ్చు బాలికలును చాలమంది అట్లే తలచి వచ్చెదరు. నేనును అట్లు వచ్చినదాననే. 36 సంవత్సరములు ఈ వృత్తిలో గడిపి విశ్రాంతి పొందిన పిదప వెనుదిరిగి చూచుకొన్నచో, ఆ రెండు గుణములును ఉండియు పని చెడిన రాత్రులే నాకు మిక్కిలి జ్ఞాపకము వచ్చుచున్నవి.

అందుచేత ఈనాడు నేను శ్రోతలతో ముచ్చటింపదలచినది నర్సు చేతిని గూర్చి కాదు, ఆ చేతి వెనుక పనిచేయవలసిన బుద్ధిని గూర్చి. నేటి పాఠ్యగ్రంథములు దానికి రెండు పెద్ద పేర్లు పెట్టినవి. ఒకటి వివేచన, అనగా కంటికి కనబడిన దానిని తరచి చూచి, దాని అర్థమును నిర్ణయించుకొనుట. రెండవది నాయకత్వము. నాయకత్వమనగానే వేదికలును పూలదండలును స్ఫురించు లోకమిది. కావున ఆ మాటను కొంత జంకుతోనే వాడుచున్నాను. నేను చెప్పబోవు నాయకత్వము నడిరాత్రి వేళ, నలుబది మంచముల వార్డులో, ఒక్క దీపము క్రింద జరుగునది. చూచి చప్పట్లు కొట్టువారెవరును అక్కడ ఉండరు.

1978వ సంవత్సరమున నేనొక ప్రసూతి వార్డులో రాత్రి పని చేయుచుంటిని. శిక్షణ ముగించి రెండేండ్లు కావచ్చుచుండెను. ఒకనాటి రాత్రి 8 గంటలకు ఒక యిల్లాలికి రెండవ కాన్పు సుఖముగా జరిగెను. మాయ పూర్తిగా వచ్చినది. బిడ్డ చక్కగా ఏడ్చినది. ఆమెను వార్డులోని ఏడవ మంచము మీదికి చేర్చిరి. 10 గంటలకు నేను నాడి చూచితిని: 88. రక్తపు పోటు, పై అంకె, 116. అర్ధరాత్రి చూచితిని: నాడి 104, పోటు 112. 2 గంటలకు చూచితిని: నాడి 122, పోటు 104. మూడు పర్యాయములును చార్టులో నీలిసిరాతో ముత్యములవంటి అక్షరములతో వ్రాసితిని. నా వ్రాత బాగుండునని మా ఉపాధ్యాయిని మెచ్చుకొనెడివారు.

మంచము ప్రక్కన నేలమీద ఆ యిల్లాలి అత్తగారు కూర్చుండియుండిరి. అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి ఆమె నా బల్లకడకు వచ్చి, “అమ్మాయ్, మా కోడలు దాహం దాహం అంటోందమ్మా. ఒకచోట కుదురుగా ఉండలేకుండా ఉంది. మొదటి కాన్పుకి ఇట్లా లేదు” అని చెప్పిరి. “అలసట, పెద్దమ్మా! కాసేపు నిద్రపోతే సర్దుకుంటుంది” అని నేను ఓదార్చి పంపితిని. చాల మెత్తగానే చెప్పితిని. గుడ్డలు మార్చునపుడు చూచితిని కదా, మరకలు మామూలుగానే ఉన్నవి.

2 గంటల 30 నిమిషములకు రాత్రి పర్యవేక్షణ చేయు పెద్ద సిస్టరుగారు మా వార్డునకు వచ్చిరి. నా బల్లమీది చార్టులను ఒక్కొక్కటిగా తిరగవేయుచు ఏడవదానికడ ఆగిరి. నన్నొక్క మాటయు అడుగలేదు. తిన్నగా మంచము కడకు పోయి ఆ యిల్లాలి పొత్తికడుపు మీద చేయి పెట్టిరి. కాన్పు తరువాత గర్భాశయము బొడ్డు దరిని గట్టి బంతివలె చేతికి తగులవలెను. అది బొడ్డునకు పైకి పెరిగి, నీరు నింపిన తిత్తివలె మెత్తగా నుండెను. సిస్టరుగారు దానిని మర్దించి నొక్కగానే గడ్డలు గడ్డలుగా రక్తము బయటపడినది. అంతసేపును ఆ రక్తము లోపలనే చేరుచుండెను. ఒక చేతితో మర్దన చేయుచునే ఆమె నాతో, “డాక్టరుగారికి కబురు. మెథర్జిను తీసి ఉంచు. సెలైను” అనిరి. పావుగంటలో డాక్టరుగారు వచ్చిరి. రెండు సీసాల రక్తమెక్కించిరి. తెల్లవారునప్పటికి నాడి నూరునకు దిగినది. ఆ తల్లి బ్రతికినది.

నేను ఆనాడు చేయని పని ఏమున్నది? నాడి చూచితిని, పోటు చూచితిని, వ్రాసితిని, గుడ్డలు మార్చితిని, దయగా మాటాడితిని. నన్నెవరైన తనిఖీ చేసినచో పదింట పది మార్కులు వేయదగియుండెను. కాని ఆ మూడు అంకెలను నేను మూడు వేర్వేరు పనులుగా వ్రాసితినే గాని, ఒక కథగా చదువలేదు. 104 అను అంకె ఒక్కటిగా చూచినచో కాన్పయిన యిల్లాలికి పెద్ద వింత కాదు. 112 పోటు మంచిదే. అయితే నాడి పైకి, పోటు క్రిందికి, రెండును ఎదురెదురుగా నడచుచున్నవి. ఆ నడకలోనే సమాచారమంతయు ఉన్నది.

దీనికి దేహధర్మములో కారణము కలదు. రక్తము నష్టమగుచున్నపుడు దేహము మొట్టమొదట గుండె వేగమును హెచ్చించును. చర్మమునకు పోవు రక్తనాళములను బిగించి, ఉన్న రక్తమును మెదడునకును గుండెకును మళ్ళించును. అందుచే పోటు చాలసేపు నిలుకడగానే కనబడును. పడుచుదనములో ఈ ఓర్పు హెచ్చు. గర్భధారణ కాలమున రక్తపరిమాణమే పెరిగియుండుటచే బాలింతలలో మరియు హెచ్చు. పోటు పడిపోయినదనగా ప్రమాదము మొదలైనదని కాదు. ఓర్చుకొను శక్తి ముగియవచ్చినదని అర్థము. దాహము, చేతులు చల్లబడుట, కుదురులేనితనము అంతకు ముందే కనబడును. ఇవన్నియు నేను పరీక్షలో వ్రాసి ఉత్తీర్ణురాలనైన విషయములే. పుస్తకములో చదివిన దానిని మంచము కడ గుర్తించుట వేరొక విద్య యని ఆ రాత్రి తెలిసినది.

చూపు ఒక్కటియే ఎంత మోసపుచ్చునో చెప్పుటకు ఇటీవలి పరిశోధన యొకటి కలదు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలోని 80 ఆసుపత్రులలో, రెండు లక్షలకు పైబడిన కాన్పులను పరిశీలించి, 2023వ సంవత్సరమున దాని ఫలితములను ప్రకటించిరి. మామూలు పద్ధతిలో, కంటితో అంచనావేయు చోట్ల, రక్తస్రావము నిజముగా జరిగిన తల్లులలో ఇంచుమించు సగము మంది విషయమే గుర్తింపబడినది. తక్కిన ఆసుపత్రులలో కాన్పు వేళ తల్లి క్రింద కొలతగీతలు గల ఒక ప్లాస్టిక్ పట్టను పరచి, జారిన రక్తమును కొలిచిరి. అక్కడ నూటికి 93 మంది విషయమున గుర్తింపగలిగిరి. గుర్తించిన వెంటనే మర్దన, గర్భాశయమును ముడుచుకొనజేయు మందు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ట్రానెక్సామిక్ ఆమ్లము, సెలైను, కారణమును వెదకు పరీక్ష, వీనిని ఒకదాని ఫలితము కొరకు వేచి మరియొకటి చేయక, ఒక్కుమ్మడిగా సాగించిరి. రక్తస్రావము తీవ్రమగుట, దానికై కడుపు కోయవలసివచ్చుట, దానిచే మరణము, ఈ మూడింటిలో ఏదో యొకటి సంభవించిన తల్లులు మామూలు పద్ధతిలో నూటికి 4.3 మంది కాగా, ఈ పద్ధతిలో 1.6 మంది మాత్రమే. కొత్తగా కనిపెట్టిన మందు ఇందులో ఏదియు లేదు. కొలిచి తెలిసికొనుట, తెలిసినదే తడవుగా చేయుట, అంతే. ఆ పని చేసినవారిలో పెక్కురు మంత్రసానివిద్య నేర్చిన నర్సులు.

ఇతర రోగుల విషయమున గూడ ఇట్టి కొలతలు వచ్చినవి. బ్రిటనులోని రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్సు వారు 2012లో ప్రకటించి, 2017లో సవరించిన పట్టిక యొకటి నేడు చాల ఆసుపత్రులలో వాడుకలో నున్నది. శ్వాస, రక్తములోని ప్రాణవాయువు, ప్రాణవాయువును యంత్రముతో ఇచ్చుచున్నారా లేదా, పోటు, నాడి, తెలివి, జ్వరము, ఈ ఏడింటికి అంకెలు వేసి కూడుదురు. మొత్తము 5 అయినచో వైద్యుని త్వరగా పిలువవలెను. 7 అయినచో క్షణము ఆగరాదు. గర్భిణులకును బాలింతలకును వేరు పట్టికలు కలవు. పట్టిక మంచిదే. కాని పట్టిక నర్సు బదులు ఆలోచించునని మాత్రము అనుకొనరాదు. నిమిషమునకు శ్వాస ఎన్ని పర్యాయములో నిజముగా లెక్కపెట్టక, అందరికిని 20 అని వ్రాసి పోవు అలవాటు ఉన్నంతకాలము ఏ పట్టికయు ఎవరిని రక్షింపలేదు. ఈ 20 అను అంకెను ఎన్ని వార్డులలో, ఎన్ని చార్టులలో, మంచము తరువాత మంచమునకు చూచితినో చెప్పలేను.

సరే, చూచినాము, అర్థము చేసికొన్నాము. తరువాతి మెట్టు చెప్పుట. కష్టమంతయు ఇక్కడనే యున్నది.

1966లో అమెరికాలో కొందరు మనోవైద్యులు ఒక ప్రయోగము చేసిరి. 22 వార్డులలో ఒంటరిగా నున్న నర్సులకు, వారెన్నడును చూడని ఒక డాక్టరు టెలిఫోనులో ఫలానా రోగికి ఫలానా మందు 20 మిల్లిగ్రాములు ఇమ్మని ఆజ్ఞాపించెను. మందుపెట్టె మీద దినమునకు 10 మిల్లిగ్రాములకు మించరాదని స్పష్టముగా అచ్చువేసియున్నది. టెలిఫోనులో చెప్పిన మందు ఇయ్యరాదని ఆసుపత్రి నిబంధనయు కలదు. 22 మందిలో 21 మంది ఆ మందు తీసికొని రోగి మంచమువైపు నడచిరి. దారిలో ఆపి విషయము చెప్పిరి గనుకను, పెట్టెలోనిది కేవలము చక్కెర గనుకను ఎవరికిని హాని కలుగలేదు. వింత యేమనగా, ఇట్టి సందర్భము వచ్చినచో నీవేమి చేసెదవని వేరొక 12 మంది నర్సుల నడిగినపుడు 10 మంది ఇయ్యమనిరి. విద్యార్థినుల నడిగినపుడు 21 మందిలో ఒక్కరును ఇచ్చెదమని చెప్పలేదు. అనగా తప్పని అందరికిని తెలియును. తెలిసినదానికిని ఆ చేతికిని నడుమ ఏదో అడ్డుపడుచున్నది.

1977లో మరియొకరు ఇట్టి ప్రయోగమునే మరల చేసిరి. ఈసారి నర్సులకు బాగుగా తెలిసిన మందును చెప్పిరి. తోటివారితో మాటలాడుటకును అవకాశముంచిరి. 18 మందిలో ఇద్దరు మాత్రమే ఆ హెచ్చు మోతాదు ఇయ్య సిద్ధపడిరి. ఈ రెండు ప్రయోగములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు నాకు తోచునది ఇది: నర్సునకు ధైర్యము లోపలినుండి మాత్రమే రాదు. “ఇది సరియేనా చూడు” అని అడుగుటకు ప్రక్కన ఒక మనిషి ఉన్నపుడు వచ్చును. నలుబది మంచములకు ఒక్క నర్సును నిలిపి, ఆమెలో వివేచన లేదని నిందించుట న్యాయము కాదు.

తోడు ఉండియు నోరు పెగలని సందర్భములును కలవు. 2005లో ఇంగ్లండులో ఒక విమానచోదకుని భార్యకు ముక్కు ప్రక్క ఎముకలలోని వ్యాధికి చిన్న శస్త్రచికిత్స తలపెట్టిరి. మత్తు ఇచ్చిన పిదప శ్వాసమార్గము మూసికొనిపోయినది. అనుభవజ్ఞులైన వైద్యులు గొంతులోనికి గొట్టమును పంపుటకు మరల మరల ప్రయత్నించుచు కాలమును మరచిరి. ఒక నర్సు మెడమీద కోసి గాలిమార్గము చేయు పరికరములను తెచ్చి, ఇవిగో సిద్ధముగా నున్నవని చెప్పెను. మరియొక నర్సు తీవ్రచికిత్సా విభాగములో మంచము సిద్ధము చేయించెను. వైద్యులు ఆమెవైపు చూచిన చూపునకు, తొందరపడితినేమో యని ఆ మంచమును వద్దని మరల కబురు పంపెను. ఆమెకు స్పృహ రాలేదు. 13 దినముల తరువాత మరణించినది. చేయవలసినదేదో ఆ గదిలో నర్సులకు తెలిసియుండెను. దానిని వైద్యుల చెవికెక్కునట్లు ఎట్లు చెప్పవలెనో వారికెవరును నేర్పియుండలేదు. ఆ భర్త ఎవరిమీదను పగపట్టక, విమానములలో పైలట్లకు నేర్పు పద్ధతులను వైద్యశాలలకు నేర్పుటకై పూనుకొనెను. విమానములో క్రింది ఉద్యోగి సందేహము చెప్పినచో పెద్ద పైలట్ విని తీరవలెను. అది అక్కడ మర్యాద సమస్య కాదు, ప్రాణ సమస్య.

ఎట్లు చెప్పవలెనన్న దానికి ఒక సులువైన క్రమము కలదు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాములలో వాడుకలో నుండి ఆసుపత్రులకు వచ్చినది. ఇప్పుడేమి జరుగుచున్నది, దాని పూర్వాపరములేమి, నా అభిప్రాయమేమి, మీవలన నాకేమి కావలెను అను నాలుగు మాటలే. ఆనాటి రాత్రి నేను చేసియుండదగిన టెలిఫోను ఇట్లుండెడిది: “డాక్టరుగారూ, ఏడో మంచం బాలింతకు లోపల రక్తం పోతోందని అనుమానంగా ఉందండి. ఎనిమిదింటికి రెండో కాన్పు అయింది. నాడి ఎనభై ఎనిమిది నుంచి నూట నాలుగుకు పెరిగింది, దాహమంటోంది, గర్భాశయం మెత్తగా తగులుతోంది. మీరు వెంటనే రావాలి. ఈలోగా సెలైను మొదలుపెట్టనా?” దీనికి పట్టు కాలము అరనిమిషము. నాలుగవ మాట చాల ముఖ్యము. మన పిల్లలు మొదటి మూడును చెప్పి, నాలుగవదాని కడ, “మరి మీ ఇష్టమండీ” అని దిగవిడుతురు. నిద్రమత్తులో నున్న వైద్యునకు తన ఇష్టమేమో తనకే తెలియదు.

ఇందులో నర్సు వైద్యుని మీరుట యేమియు లేదు. రోగనిర్ణయము వైద్యునిది, మందు వ్రాయుట వైద్యునిది. అడుగుట మాత్రము అవిధేయత కాదు. మోతాదు అనుమానముగా నున్నచో, “మరొక్కసారి చెప్పండి, రాసుకొని మీకు చదివి వినిపిస్తాను” అనుటలో ఎవరి గౌరవమును తగ్గదు. తప్పు చెప్పినవారు పదిమందిలో తొమ్మండుగురు ఆ చదువునప్పుడే తామే సవరించుకొందురని నా అనుభవము. ఆ పదవవాడు వచ్చినపుడు పై సిస్టరునకు చెప్పవలెను; ఆమె లేనిచో వైద్యునకు పైవైద్యుడు ఉండనే ఉన్నాడు.

ఇక ఆ మరునాటి ఉదయమునకు వత్తును. రాత్రి సిస్టరుగారు నన్ను ఒక్కర్తెను గదిలోనికి పిలిచి, చెప్పవలసిన నాలుగు మాటలును చెప్పిరి. అవి మెత్తని మాటలు కావు. తరువాత పని మారు వేళ మా ఎనమండుగురిని కూర్చుండబెట్టి, పేరును మంచము అంకెను కాగితముతో కప్పి ఆ చార్టును బల్లమీద ఉంచి, “ఈ కాగితం ఏం చెబుతోందో చదవండి” అనిరి. 2 గంటల వరుస చూడగానే అందరును పసిగట్టిరి. అర్ధరాత్రి వరుసతోనే పసిగట్టినవారు ఇద్దరు. అప్పుడామె వేరొక ప్రశ్న వేసిరి: “సరే, అర్ధరాత్రే తెలిసిందనుకోండి. మీలో ఎంతమంది డాక్టరుగారిని లేపుతారు?” ఒక్కరును మాటాడలేదు. ఆ క్రిందటి వారములోనే ఊరక లేపినందుకు ఒక నర్సు అందరియెదుట చీవాట్లు తినియుండెను. ఆ సంగతి అందరికిని తెలియును, సిస్టరుగారికిని తెలియును.

నాకు నాయకత్వమన్న మాటకు అర్థము ఆ తరువాతి నిమిషములో తెలిసినది. “ఇకమీదట బాలింత నాడి నూరు దాటితే ముందు కడుపు మీద చెయ్యి పెట్టండి. తరువాత నాకు చెప్పండి. నేను దొరక్కపోతే డాక్టరుగారిని మీరే లేపి, సిస్టరు లేపమన్నదని నా పేరు చెప్పండి” అనిరి. ఆ మధ్యాహ్నము ఆమెయే పోయి, డాక్టరుగారితో ఈ ఏర్పాటు సంగతి ముందుగా చెప్పి వచ్చిరి. నెల తిరుగకుండగనే నేనొక రాత్రి అట్లు లేపితిని. డాక్టరుగారు వచ్చి చూడగా ఏమియు లేదు; ఆ యిల్లాలికి మూత్రాశయము నిండి గర్భాశయము ప్రక్కకు జరిగినది, అంతియే. ఆయన ముఖము ముడిచిరి. సిస్టరుగారు చల్లగా, “వచ్చారు కదా, టీ తాగి వెళ్ళండి” అని తామే కాచి ఇచ్చిరి. నన్ను గూర్చి ఆయనయెదుట గాని, ఆయనను గూర్చి నాయెదుట గాని ఒక్క మాటయు అనలేదు. ఆ టీ కప్పు లేకున్నచో మరల నేనెవరినైన లేపియుందునా యన్నది సందేహము.

పెద్ద నర్సులలో మరియొక రకము కలదు. అట్టివారి క్రిందను నేను పనిచేసితిని. ఆమె మహా సమర్థురాలు. ప్రతి సూదిని, ప్రతి కట్టును తానే చూచుకొనును. తాళపుచెవులన్నియు ఆమె నడుమునకే యుండును. ఆమె ఉన్నంతసేపు వార్డు అద్దమువలె మెరయును. ఆమె నాలుగు దినములు సెలవుపెట్టినచో రక్తపు సీసాకు కావలసిన గొట్టము ఏ బీరువాలో నున్నదో ఎవరికిని తెలియదు. ఫ్లోరెన్సు నైటింగేల్ 1859లో వ్రాసిన పరిచర్యా గ్రంథములో ఇట్టి చిన్న చిన్న ఏర్పాట్లకే ఒక ప్రకరణమును ప్రత్యేకించెను. నీవు ఉన్నపుడు జరుగు పని నీవు లేనపుడును జరుగునట్లు చూచుటయే పెత్తనములోని అసలు పని యని ఆమె మతము. క్రిమియా యుద్ధకాలమున స్కుటారి ఆసుపత్రిని చక్కబెట్టిన ఆ మహిళను మనము దీపము పట్టుకొన్న దేవతగానే పటములలో చూచుచున్నాము. ఆమె సామానుల జాబితాలు, మరణముల లెక్కలు వ్రాసిన గడుసు కార్యకర్తురాలన్న సంగతి ఆ దీపపు వెలుగులో కనబడకపోయినది.

మన శిక్షణాలయములలో ఈ బుద్ధిని నేర్పుట కష్టమా? కష్టమే, కాని అసాధ్యము కాదు. పాఠము కంఠస్థము చేయించు అలవాటు మనకు ఎక్కువ. లక్షణములు పది చెప్పుమన్నచో పదిని వరుసగా చెప్పుదురు. ఆ పదిలో ఈ రోగికి ఏది మొదట వచ్చినదని అడిగినచో తెల్లబోవుదురు. నేను పెద్ద సిస్టరునైన పిదప, పాత చార్టులకు పేర్లు కప్పి, వారమునకొకటి చొప్పున పిల్లలముందు ఉంచుచుంటిని. ఖర్చు లేని పని. తెలంగాణమున 2017లో ప్రభుత్వ నర్సులకు కరీంనగరమున ప్రత్యేకమైన మిడ్‌వైఫరీ శిక్షణను ఆరంభించిరి. 2018లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఇట్టి సేవలకు మార్గదర్శకములను ప్రకటించెను. సాధారణమైన కాన్పును నర్సు తన బాధ్యతమీద నడిపి, చిక్కు వచ్చినదానిని వేళకు గుర్తించి వైద్యునకు అప్పగించుట వాని ఉద్దేశము. ఇది నాకు చాల సంతోషము కలిగించిన మార్పు. బాధ్యత తన పేరుమీద ఉన్నపుడు చార్టు చదువు తీరే వేరుగా నుండును.

శ్రోతలలో నర్సులు కొలదిమందియే ఉందురు. రోగుల బంధువులు అందరును. మన దేశమున ఆసుపత్రిలో రోగి ప్రక్కన తల్లియో, భార్యయో, అత్తయో ఇరువదినాలుగు గంటలును కూర్చుండును. నర్సు మంచము కడ గంటకు రెండు నిమిషములుండగలిగిన గొప్ప. కనుక మొదట చూచునది మీరే. అయితే మీరు చెప్పు తీరులో కొంత మార్పు కావలెను. “ఎట్లాగో ఉన్నాడమ్మా” అన్నచో మాకు బోధపడదు. ఎన్ని గంటలనుండి, మునుపటికంటె ఏమి మారినది, ఎన్ని పర్యాయములు అని చెప్పుడు. “బాగా నిద్రపోయినాడు” అనుటకంటె “మూడింటినుంచి అయిదింటిదాకా పడుకున్నాడు” అనుట మేలు. మందు బిళ్ళల రంగు నిన్నటిదానికి నేటికి మారినచో అడుగుడు. అడిగినందుకు ఏ మంచి నర్సును కోపింపదు. ముఖ్యముగా, “ఈ మనిషి ఎప్పుడూ ఇట్లా ఉండదు” అను మాట మీ నోటనే రాగలదు. రోగిని ఆ దినమే మొదటిసారి చూచిన మాకు అది తెలియు మార్గము లేదు.

పదవనాడు ఆ యిల్లాలు బిడ్డతో ఇంటికి పోవునపుడు అత్తగారు నా చేతిలో రెండు జామపండ్లు పెట్టిరి. “ఆ రాత్రి నీతో చెప్పాను గదమ్మా, దాహమంటోందని” అనిరి. కోపముతో అనలేదు, ఏదో మామూలు సంగతి జ్ఞాపకము చేసినట్లు అనిరి. ఆమె వచ్చి చెప్పిన వేళ 12 గంటల 20 నిమిషములు. ఆ వేళ నా చార్టులో ఎక్కడను లేదు. నాడికి, పోటునకు, జ్వరమునకు గళ్ళు ఉన్నవి గాని ఆమె మాటకు గడి లేదు. తరువాతి కాలమున నేను పెద్ద సిస్టరుగా నున్న వార్డులన్నిటిలో చార్టు కుడివైపు అంచున రూళ్ళకర్రతో ఒక గీత గీయించి, పైన “ఇంటివారి మాట” అని వ్రాయించుచుంటిని.